ఫిర్యాదు తీరిందని చెప్పాల్సింది ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

మహమ్మారి మళ్లీ వస్తే నగరపాలక సంస్థలు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాయన్న విషయంపై మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న వ్యాసాలను వరుసగా చదువుతున్నాను. ఆక్సిజన్ ప్లాంట్లు, పడకలు, పరీక్షా కేంద్రాలు, మందుల నిల్వలు, శ్మశానాల సామర్థ్యం, అన్నింటి గురించీ నిపుణులు వివరంగా రాశారు. ఒక్క సంగతి మాత్రం ఏ వ్యాసంలోనూ కనిపించలేదు. ఇంట్లో చిక్కుకుపోయిన మనిషి ఫోను చేసి తన ఇబ్బంది చెప్పుకుంటే ఆ మాట ఎవరి బల్ల మీదికి చేరాలి, ఎన్నాళ్లలో జవాబు రావాలి, చివరకు ఆ ఇబ్బంది తీరిందని ప్రకటించాల్సింది ఎవరు అన్న ప్రశ్నను ఎవరూ ఎత్తలేదు. పడకల లెక్క పక్కన పెడితే ఇది చిల్లర విషయంగా కనిపించవచ్చు. చిల్లర విషయం కాదని నా అనుభవం చెబుతోంది కాబట్టి కాస్త సుదీర్ఘంగానే ఈ లేఖ రాస్తున్నాను. స్థలం చాలకపోతే కత్తిరించుకునే హక్కు మీకు ఎలాగూ ఉంది.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో 31 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అందులో సగం కాలం టపా సెక్షన్‌లోనే గడిచింది. వచ్చిన ప్రతి కాగితానికీ కరెంటు నంబరు, అంటే వరుస సంఖ్య, వేయడం, దాన్ని పర్సనల్ రిజిస్టరులో ఎక్కించడం, అది ఏ సీటు దగ్గర ఎన్నాళ్లు ఆగిందో నెలాఖరుకు లెక్క తేల్చడం నా పని. మా కార్యాలయాల్లో ‘ఎల్.డిస్.’ అని ఒక ముద్ర ఉండేది. ఇక చేయాల్సిందేమీ లేదనుకున్న కాగితం మీద ఆ ముద్ర వేసి కట్టలో కట్టేస్తారు, ఏడాది తిరిగాక ఆ కట్టను చించి పారేస్తారు. పని నిజంగా అయిపోయిన కాగితానికీ, పని చేయడం ఇష్టం లేని కాగితానికీ వేసే ముద్ర ఒకటే కావడం దాని సౌలభ్యం. 2020, 2021 సంవత్సరాల్లో నగర పాలన మా గుమ్మంలోంచి ఎలా కనిపించిందని ఎవరైనా అడిగితే నాకు ఆ ముద్రే గుర్తుకొస్తుంది. కాకపోతే అప్పుడది సిరాతో కాక ఎస్సెమ్మెస్ రూపంలో వచ్చేది.

ఆ రెండేళ్లూ మా అపార్ట్‌మెంటు సంఘానికి నేనే కార్యదర్శిని. పాత అలవాటు కొద్దీ, మా భవనం తరఫునా చుట్టుపక్కల వీధి తరఫునా నగరపాలక సంస్థకు చేసిన ప్రతి ఫిర్యాదునూ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. తేదీ, వేళ, ఫోను ఎత్తినవారు చెప్పిన మాట, ఇచ్చిన నంబరు, చివరకు ఏమైంది, అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం 43 నమోదులు. వాటిలో 4 ఒకే ఒక్క విషయానికి సంబంధించినవి, అదేమిటో చెబుతాను.

మా రెండో అంతస్తులో ఒక కుటుంబానికి వ్యాధి సోకింది. అలాంటి ఇళ్ల చెత్తను వేరుగా పసుపుపచ్చ సంచుల్లో కట్టి, దానికోసం వచ్చే ప్రత్యేక వాహనానికే ఇవ్వాలన్నది నిబంధన. రోజూ వచ్చే పారిశుధ్య కార్మికుడు ఆ సంచులను ముట్టుకోనన్నాడు. అతని చేతులకు తొడుగులు లేవు, కాబట్టి అతను చేసింది సబబే. నేను హెల్ప్‌లైనుకు ఫోను చేశాను, ఒక నంబరు ఇచ్చారు. మూడో రోజుకు మెట్ల మలుపులో 4 సంచులు పోగయ్యాయి. ఒకదాన్ని పిల్లి చింపేసింది. వాడిన మాస్కులు, మాత్రల రేకులు, దగ్గి పారేసిన కాగితపు రుమాళ్లు మెట్ల మీదికి వచ్చి పడ్డాయి. ఆ రాత్రి పదకొండు గంటలకు నా ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మీ సహకారమునకు ధన్యవాదములు.’ దాన్ని చదువుతూనే నేను చీపురుతో ఆ రుమాళ్లను ఒక మూలకు నెడుతున్నాను.

మర్నాడు ఫోను చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, ‘సార్, అది సిస్టంలో క్లోజ్ అయిపోయింది, కొత్తగా ఇంకొకటి పెట్టండి’ అంది. పెట్టాను. అదీ అలాగే మూసుకుపోయింది. నాలుగోసారికి వాహనం వచ్చింది. డ్రైవరును అడిగితే ఆయన దాపరికం లేకుండా అసలు సంగతి చెప్పాడు. ఆ పనికి మూడు వార్డులకు కలిపి ఉన్నది ఆయన బండి ఒక్కటే. 48 గంటలు దాటిన ఫిర్యాదు ఉంటే కాంట్రాక్టరు బిల్లులో కోత పడుతుంది. అందుకని 47వ గంటకు అది మూసుకుపోతుంది. ఆలస్యాన్ని అరికట్టడానికి పెట్టిన నియమమే ఈ అబద్ధాన్ని పుట్టించింది. పైగా నగరపాలక సంస్థ లెక్కలో అది ఒక వాహనం కొరతగా నమోదు కాలేదు, 4 ఫిర్యాదులు వచ్చి నాలుగూ గడువులోగా పరిష్కారమైనట్టు నమోదైంది. ఆ నెలాఖరున ఫిర్యాదుల పరిష్కారంలో సాధించిన శాతం గురించి వచ్చిన ప్రకటనను చదివినప్పుడు, అందులో మా మెట్ల మలుపు కూడా ఉందని నాకు తెలుసు.

ఫోను ఎత్తిన అమ్మాయిని నేను తప్పుపట్టడం లేదు. ఆమె ముందున్న తెర మీద మూడే గడులు ఉంటాయి, వాటిలో ‘వాహనం లేదు’ అన్న గడి లేదు. ఆమెకు ఆదేశించే అధికారం లేదు, పై అధికారి నంబరు ఇచ్చే అనుమతి లేదు, రోజంతా తిట్లు వినే ఓపిక మాత్రం ఉండాలి. ఆపద కాలంలో నగర ప్రభుత్వం ప్రజల ముందు నిలబెట్టే మొదటి మనిషికి ఏ అధికారమూ లేకపోవడం కాకతాళీయం కాదు. అధికారం ఉన్నవారి బల్ల దాకా గొడవ రాకుండా చూడటమే ఆ ఏర్పాటు ఉద్దేశమని, ఒకప్పుడు అలాంటి బల్లల ముందు కూర్చున్నవాడిగా నేను చెప్పగలను.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా పక్క భవనంలో ఒక పెద్దాయన ఆసుపత్రిలో కన్నుమూశారు. అంత్యక్రియలు నగరపాలక సంస్థ సిబ్బందే జరిపించారు, శ్మశానం రసీదు మీద సంస్థ ముద్ర కూడా ఉంది. మూడో రోజు పొద్దున అదే సంస్థ కంట్రోల్ రూమ్ నుంచి వారి ఇంటికి ఫోను వచ్చింది. ‘పేషెంటు ఎలా ఉన్నారమ్మా? జ్వరం తగ్గిందా? మాత్రలు వేసుకుంటున్నారా?’ ఆవిడ సంగతి చెప్పారు. అవతలివాళ్లు క్షమించమని అడిగి పెట్టేశారు. మర్నాడు మళ్లీ అదే ఫోను, వేరే గొంతు. అలా వారం రోజులు వచ్చింది. చివరి రోజుల్లో ఆవిడ సర్దిచెప్పే ఓపిక లేక, ‘బాగానే ఉన్నారు’ అని పెట్టేసేవారు. అంటే సంస్థ రికార్డుల్లో ఒక చోట ఆయన మరణించారు, ఇంకొక చోట కోలుకున్నారు. శ్మశానం జాబితా, ఇంటి దగ్గర చికిత్స పొందుతున్నవారి జాబితా ఒకే భవనంలో వేర్వేరు గదుల్లో ఉండి ఉంటాయి. ఆవిడ చెప్పిన ఒక్క మాటను రాసుకోవడానికి ఆ తెర మీద గడి లేకపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మహమ్మారి కాలంలో ఫిర్యాదును మనం గొడవగా, చిరాకుగా, తీర్చి వదిలించుకోవాల్సిన బాకీగా చూస్తున్నాం. నిజానికి అది సమాచారం, అదీ డబ్బు ఖర్చు లేకుండా, అడగకుండానే వచ్చే సమాచారం. కోవిడ్ తీవ్రమయ్యే వారిలో లక్షణాలు మొదలైన తరువాత సాధారణంగా వారం అటూఇటూగా ఊపిరి ఆడని స్థితి వస్తుంది. ఒక పేట నుంచి జ్వరం గురించి, పరీక్ష ఫలితం రాకపోవడం గురించి, మందుల దుకాణంలో జ్వరం మాత్రలు దొరకకపోవడం గురించి ఒక్కసారిగా ఫోన్లు పెరిగాయంటే, మరికొద్ది రోజుల్లో ఆ పేట నుంచి అంబులెన్సుల కోసం ఫోన్లు వస్తాయని అర్థం. ఆ వ్యవధిలో ఎన్నో ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఆ ఫోన్లను వేటికవి విడిగా మూసేస్తూ పోతే ఆ వ్యవధి చేజారిపోతుంది. వేల రూపాయల జీతమిచ్చి సర్వేకు పంపిన మనిషి తలుపు తట్టి రాసుకుపోయే వివరం కంటే, ఆ తలుపు వెనకున్న మనిషి తానుగా ఫోను చేసి చెప్పే మాటకు విలువ ఎక్కువ ఉండాలి.

ఈ మాట వినే అలవాటు మన నగరాలకు ఎందుకు లేదన్న ప్రశ్నకు సగం జవాబు చట్టంలోనే ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడినప్పుడు రోగులను బలవంతంగా ఆసుపత్రికి తరలించే అధికారం మునిసిపల్ కమిషనరు చేతికి వచ్చింది. ఆసుపత్రికి వెళ్లినవారు తిరిగి రారన్న భయం జనంలో పాకింది. ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. ఆ తరువాత అధికారులు కొంత తగ్గి, వివిధ వర్గాలవారు తమ సొంత ఆసుపత్రులను నడుపుకోవడానికి ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నాకే జనం రోగులను దాచడం తగ్గించి చికిత్సకు తీసుకురావడం పెరిగిందని అనుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పుణేలో ఆ పాటి వినికిడి కూడా లేకపోయింది. 1897లో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ హయాంలో సైనికులు ఇళ్లలోకి, పూజగదుల్లోకి కూడా చొరబడి సోదాలు చేశారు. వినతిపత్రాలను పట్టించుకున్నవారు లేరు. ఆ జూన్ 22న ఆయన మీద కాల్పులు జరిగాక గానీ ఆ వ్యవహారం ఎంతదూరం వెళ్లిందో ప్రభుత్వానికి అర్థం కాలేదు.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టాన్ని పట్టుకునే మనం 2020లో కోవిడ్‌ను ఎదుర్కొన్నాం. నాలుగంటే నాలుగే సెక్షన్లున్న చట్టం అది. ప్రభుత్వం ఏ ఉత్తర్వైనా ఇవ్వవచ్చు, దాన్ని మీరినవారిని శిక్షించవచ్చు, సద్భావంతో పనిచేసిన అధికారి మీద దావా వేయకూడదు. పౌరుడు తన బాధ ఎవరికి చెప్పుకోవాలన్న ఊసు అందులో ఎక్కడా లేదు. 2020లో చేసిన సవరణ వైద్య సిబ్బంది మీద దాడులను కఠినంగా శిక్షించేందుకు ఉద్దేశించినది, అది అవసరమే. కానీ ఆ సందర్భంలోనైనా రెండో వైపు గురించి ఎవరూ ఒక్క వాక్యం చేర్చలేదు.

రాజ్యాంగంలో మాత్రం ఆ వాక్యం ఉంది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ ప్రజారోగ్యాన్ని 12వ షెడ్యూలులో పురపాలక సంస్థల బాధ్యతల జాబితాలో చేర్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలని 243ఎస్ అధికరణ చెబుతోంది. కాలపరిమితి ముగిసేలోగా ఎన్నికలు జరపాలని 243యూ చెబుతోంది. ఆచరణలో ఏమైందో చూడండి. చెన్నై నగరానికి 2016 నుంచి 2022 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. అంటే ఆ నగరం మహమ్మారి రెండు ఉద్ధృతులనూ ఒక్క కౌన్సిలరు కూడా లేకుండా దాటింది. బెంగళూరు కౌన్సిలు గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ నగరం ఊపిరికోసం అల్లాడినప్పుడు వార్డుకు జవాబుదారీ అయిన ప్రజాప్రతినిధి లేరు. విశాఖపట్నంలో 2012లో కౌన్సిలు గడువు తీరాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. కార్పొరేటర్లందరూ మహా పనిమంతులని నేను అనడం లేదు. కానీ రాత్రి పదింటికి ఇంటికెళ్లి తలుపు కొట్టగలిగిన మనిషి, వచ్చే ఎన్నికల భయమైనా ఉన్న మనిషి వార్డులో ఒకరు ఉండటానికీ, హెల్ప్‌లైన్ నంబరు మాత్రమే ఉండటానికీ చాలా తేడా ఉంది. అధికారుల పాలన సమర్థంగా ఉంటుందన్న అభిప్రాయం చదువుకున్నవారిలో బలంగా ఉంది. ఆ సామర్థ్యాన్ని అందరికంటే దగ్గర్నుంచి చూసినవాడిగా నాకు ఆ నమ్మకం అంతగా లేదు.

అధికారులు తలచుకుంటే చేయలేరనీ కాదు. ముంబయి ఇందుకు మంచి నిదర్శనం. 2020 మొదటి నెలల్లో అక్కడ ప్రైవేటు ల్యాబులు ఫలితాన్ని నేరుగా రోగికి పంపేవి. పాజిటివ్ అని తెలిసిన మనిషి భయంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాడు, నగరం మొత్తానికీ ఉన్న ఒకే ఒక హెల్ప్‌లైన్ ఎప్పుడూ బిజీగా ఉండేది. ఆ మే 8న కమిషనరుగా వచ్చిన ఇక్బాల్ సింగ్ చాహల్ హయాంలో ఆ పని 24 వార్డులకు పంచారు. ఫలితాలన్నీ ముందు సంస్థకు చేరాలి, అక్కడ వార్డులవారీగా విడదీసి ఆయా వార్డుల వార్ రూములకు పంపాలి, అక్కడి నుంచి డాక్టరో సిబ్బందో రోగికి ఫోను చేసి ఇంట్లోనే ఉండాలా పడక కావాలా తేల్చాలి, పడకను కేటాయించే అధికారం కూడా ఆ గదికే ఉండాలి. నా దృష్టిలో ఇందులో అసలు విశేషం కంప్యూటర్లు కాదు. ఫోను ఎత్తిన గదికే నిర్ణయం తీసుకునే అధికారాన్ని ఇచ్చారు. ఆ వీధి ఎక్కడుందో, దానికి దగ్గరి ఆసుపత్రి ఏదో తెలిసినవారు అక్కడ కూర్చున్నారు. ముంబయిలోని మురికివాడ ధారావిలో 2020 ఏప్రిల్ 1న తొలి కేసు బయటపడినప్పుడు, రెండున్నర చదరపు కిలోమీటర్ల లోపు లక్షలాది మంది ఉండే ఆ పేట ఏమైపోతుందోనని దేశమంతా భయపడింది. అక్కడ అధికారులు స్థానిక వైద్యులను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఇంట్లో విడిగా ఉండే గది లేనివారికి బడుల్లో, కల్యాణ మండపాల్లో వసతి చూపారు. ఉమ్మడి మరుగుదొడ్లను రోజుకు పలుమార్లు శుభ్రం చేయించారు. జూలైకల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ అధినేత ఆ పేట పేరును ఉదాహరణగా చెప్పే స్థితి వచ్చింది. ముంబయిలో మరణాలు తక్కువేమీ కాదు, అంతా సవ్యంగా జరిగిందని అనుకోవడమూ పొరపాటే. అయినా ఫోనుకూ పడకకూ మధ్య దూరాన్ని తగ్గించిన ఆ ఒక్క మార్పును మిగిలిన నగరాలు ఇప్పటికైనా తమ నిబంధనల్లో రాసుకోవచ్చు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది మెల్‌బోర్న్‌లో జరిగింది. 2020 జూలై 4, శనివారం సాయంత్రం, విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం 9 ప్రభుత్వ నివాస భవనాలను అప్పటికప్పుడు దిగ్బంధం చేసింది. వాటిలో సుమారు 3,000 మంది ఉంటారు, ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు, శరణార్థులు. ప్రకటన వచ్చేసరికే కింద పోలీసులు నిలబడి ఉన్నారు. చాలామందికి తమ గుమ్మం ముందు ఏం జరుగుతోందో తమ భాషలో చెప్పినవారు లేరు. మందులు అందనివారు, తినలేని ఆహారం అందినవారు అనేకమంది. ఎనిమిది భవనాలకు అయిదు రోజుల్లో విడుదల దొరికింది, ఒక భవనానికి మాత్రం మొత్తం రెండు వారాలు పట్టింది. ఆ డిసెంబరులో ప్రభుత్వం మీద వచ్చే ఫిర్యాదులను విచారించే రాష్ట్ర అంబుడ్స్‌మన్ డెబొరా గ్లాస్ ఇచ్చిన నివేదిక చదవదగినది. దిగ్బంధం తప్పని ఆమె అనలేదు. వ్యాధి నివారణకు అది అవసరమేనన్నారు. ముందుగా ఒక్క రోజైనా చెప్పకుండా, ఆహారానికీ మందులకూ ఏర్పాటు చేసుకోనివ్వకుండా ఆ క్షణంలోనే అమలు చేయడం మానవ హక్కులకు విరుద్ధమని తేల్చారు. ఆ ఉత్తర్వు మీద సంతకం చేయాల్సిన వైద్యాధికారికి దాన్ని పరిశీలించడానికి దొరికింది పదిహేను నిమిషాలేనని కూడా ఆ విచారణలోనే బయటపడింది. క్షమాపణ చెప్పమని సిఫారసు చేస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2022 వసంతంలో షాంఘైలో వ్యాధి సోకిన పసిపిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ఉంచిన పద్ధతి కూడా జనాగ్రహం కట్టలు తెంచుకున్నాకే, ఏప్రిల్ మొదట్లో సడలింది. తల్లి నుంచి పిల్లను వేరుచేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి రెండున్నర కోట్ల జనాభా గగ్గోలు పెట్టాల్సి వచ్చిందన్నమాట.

మా వీధి అనుభవం దీనికి పిల్లంత కథ. ఒక రాత్రి మా వీధి రెండు చివర్లా ఇనుప రేకులు కట్టారు. వీధిలో ఒకావిడ వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లాలి. రేకులు కట్టిన కూలీలకు ఆ సంగతి తెలియదు, కట్టమన్న అధికారికీ తెలియదు. పొద్దున్నే ఆమె కొడుకు రేకు తీగలు విప్పుతుంటే కాపలా ఉన్న కానిస్టేబులు కేసు పెడతానన్నాడు. హెల్ప్‌లైన్ అమ్మాయి నంబరు ఇచ్చింది, 48 గంటల్లో పరిష్కరిస్తామంది. డయాలిసిస్‌కు అన్ని గంటల వ్యవధి ఉండదని ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు. ఆ మధ్యాహ్నం మా వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఆయనా అప్పటికి రెండు రోజులుగా ఇంటికి వెళ్లినట్టు లేరు. కొడుకు చెప్పింది విన్నారు, ఒక అట్టముక్క అడిగి తీసుకున్నారు, దాని మీద పెద్ద అక్షరాలతో ‘అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోను చేయండి, గేటు తీస్తారు’ అని తన సొంత మొబైల్ నంబరు రాసి రేకుకు తీగతో కట్టారు. కానిస్టేబులుకు కూడా అదే చూపించి చెప్పారు. అంతే. ఆవిడకు ఆ తరువాత ఒక్క డయాలిసిస్ కూడా తప్పలేదు. ఆ రెండేళ్లలో నేను చూసిన అత్యుత్తమ పరిపాలన ఆ అట్టముక్కే. ఆయన పేరు రాయాలని ఉంది కానీ, పై అధికారుల అనుమతి లేకుండా సొంత నంబరు ఇచ్చినందుకు ఆయనకు తరువాత మెమో వచ్చిందని విన్నాను, కాబట్టి రాయను.

ఇంతకీ నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఫిర్యాదును మూసే అధికారం దాన్ని చేసిన మనిషికే ఉండాలి. సంస్థ తన పని అయిందనుకుంటే ఆ మాట చెప్పి, ‘తీరిందా?’ అని అడగాలి, అవునన్నాకే మూయాలి. నెల దాటినా జవాబు చెప్పనివాళ్లు కొందరు ఉంటారు, వారి సంగతి వేరుగా రాసుకోవచ్చు, పరిష్కారమైనవాటిలో మాత్రం కలపకూడదు. తెర మీద ‘చేయలేకపోతున్నాం, కారణం ఇది’ అన్న గడి కూడా ఉండాలి. ఆపద కాలంలో ప్రతి కోరికా తీరదని జనానికి తెలుసు. మూడు వార్డులకు ఒకే బండి ఉందని, అది గురువారం వస్తుందని మొదటి రోజే చెప్పి ఉంటే, మేమే ఆ సంచులను మేడ మీది నీళ్ల ట్యాంకు పక్కన మూతున్న డ్రమ్ములో భద్రపరిచేవాళ్లం. కాదనడం కంటే అయిపోయిందని అబద్ధం చెప్పడమే మాకు ఎక్కువ నష్టం చేసింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే వీధి నుంచి ఒకే విషయం మీద మూడో ఫోను వస్తే అది హెల్ప్‌లైన్‌ను దాటి వార్డు అధికారి బల్ల మీదికి దానంతటదే వెళ్లాలి. టపా సెక్షన్‌లో మేము ఎర్ర సిరాతో ‘రిమైండర్’ అని రాసేవాళ్లం. కంప్యూటరుకు ఆ మాత్రం నేర్పడం కష్టం కాకూడదు.

యాప్ గురించి రెండు మాటలు. ఫోన్లో యాప్ ఉన్నవారికి అది మంచిదే. కానీ జబ్బు ఎవరిని ఎక్కువగా కబళిస్తుందో ఆ వృద్ధులకే అది కొరుకుడుపడదు. ఓటీపీ వచ్చేలోపు కళ్లజోడు వెతుక్కునేవారు మా భవనంలోనే ఆరుగురున్నారు, వారిలో నేనొకణ్ణి. వినికిడి లేనివారికి ఫోనూ పనికిరాదు. వార్డు కార్యాలయం గోడకు ఒక పెట్టె, దాన్ని రోజుకు రెండుసార్లు తెరిచే ఒక మనిషి ఉంటే చాలా గొడవ తీరుతుంది.

పత్రికల పాత్ర గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మీవైపూ కొంత బాధ్యత ఉంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలుతున్న వేళ ఫిలడెల్ఫియాలో యుద్ధ బాండ్ల కోసం సెప్టెంబరు 28న భారీ ఊరేగింపు తలపెట్టారు. జనం గుమికూడితే ప్రాణాలు పోతాయని కొందరు వైద్యులు మొత్తుకున్నా ఆ హెచ్చరికలు పత్రికల్లో రాలేదు. సుమారు 2 లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మూడు రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి, ఆ నగరంలో 12,000 మందికి పైగా చనిపోయారు. అదే కాలంలో సెయింట్ లూయిస్‌లో ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లాఫ్ అక్టోబరు మొదటి వారంలోనే బడులు, నాటకశాలలు మూయించారు, అక్కడి మరణాల రేటు ఫిలడెల్ఫియాతో పోలిస్తే చాలా తక్కువగా నమోదైంది. భయం పుట్టించకూడదన్న పేరుతో ఇబ్బందిని దాచిపెట్టే అలవాటు మన దగ్గరా ఉంది. 2021లో ఆక్సిజన్ కావాలని, పడక కావాలని సామాజిక మాధ్యమాల్లో వేడుకున్నవారిని వదంతులు వ్యాపింపజేస్తున్నారంటూ బెదిరించే ధోరణి కనిపించినప్పుడు, ఏప్రిల్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం, పౌరులు తమ బాధలు చెప్పుకోవడాన్ని అణచివేస్తే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని హెచ్చరించింది. కష్టం చెప్పుకోవడం నేరం కాదని చెప్పడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకోవాల్సి వచ్చిందంటే, కింది కార్యాలయాల్లో ఫిర్యాదు మీద ఎలాంటి చూపు ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

సంస్థ సిబ్బందిలో ఎందరో ఆ రోజుల్లో ప్రాణాలకు తెగించి పనిచేశారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మా వీధి ఊడ్చే కార్మికురాలు రెండు వారాలు కనిపించకపోతే ఏమైందోనని మేమంతా ఆందోళన పడ్డాం, తిరిగి వచ్చినప్పుడు ఆమె సగానికి సగం చిక్కిపోయి ఉంది. నా విమర్శ వారి మీద కాదు. వారి శ్రమను తప్పుడు లెక్కగా మార్చే రిజిస్టరు మీద.

మీ పత్రికలో చదివిన దాన్ని బట్టి అత్యవసర ప్రణాళికలను తిరిగి రాసే కసరత్తు చాలాచోట్ల జరుగుతోంది. ఆ కసరత్తు చేసే అధికారులు ఎవరైనా ఈ లేఖ చదివితే, నా నోటుపుస్తకాన్ని వారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. 43 నమోదుల్లో ఏది ఎక్కడ ఆగిందో తేదీలతో సహా ఉంది. జిరాక్సు తీసుకుని అసలు పుస్తకం మాత్రం నాకు తిరిగి ఇచ్చేయాలి. అందులో 11 ఫిర్యాదులకు ఇంకా జవాబు రావాల్సి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా